మనవాడి ఇడ్లీ

తమ్ముణ్ణి చూడ్డానికి వస్తున్నానని చెప్పి ఉమారాణి విజయనగరం నుంచి రాయపూర్ వచ్చింది. తమ్ముణ్ణి చూడ్డం మొదటి పది నిమిషాల్లోనే అయిపోయింది. ఆ తర్వాత ఫోన్ తీసి అసలు సంగతి చూపించింది. తెలీబంధా చెరువు పక్క బజారులో తప్పక తినవలసిన పదకొండు బళ్ళట. ఎవడో కుర్రాడు వీడియోలో ఒక్కో బండి దగ్గరా కళ్ళు మూసుకుని తల ఆడించాడు. కళ్ళు మూసుకున్నవాడి మాట నమ్మి, బీయెడ్ చదివిన ఈవిడ రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చేసింది.

తమ్ముడు సందీప్‌ది ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీలో ఉద్యోగం, బీర్‌గావ్‌లో రెండు గదుల కాపురం. అతని భార్య నీలిమకి చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది గానీ, భయం మాత్రం ఆగకుండా పైచదువులకి వెళ్ళింది. దానికి కారణం లేకపోలేదు. కిందటి వేసవిలో వాళ్ళ నాలుగేళ్ళ కొడుకు ధను పక్కింటివాళ్ళు పెట్టిన పల్లీపట్టీ ముక్క కొరికాడు. అరగంటలో పెదవులు బూరెల్లా పొంగాయి, ఊపిరి ఈల వేసింది. పల్లీలు వీడికి విషమేననీ, ఈసారి తింటే ఇంకా గట్టిగా ముంచుకు రావచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆనాటి నుంచి నీలిమకి లోకంలో తిండి రెండే రకాలు. పల్లీలు ఉన్నది, పల్లీలు లేవని చెబుతున్నది.

అలాంటి మనిషిని పదకొండు బళ్ళ చుట్టూ తిప్పడానికి వదినగారు బయల్దేరదీసింది.

మొదటిది పెసరబజ్జీల బండి. వదినగారు ప్లేటు అందుకోబోతుంటే నీలిమ కొడుకుని వెనక్కి లాక్కుని ముందుకొచ్చింది.

"భయ్యా, ఇందులో ఫల్లీ ఉందా?" ఇక్కడి హిందీలో పల్లీ కాస్తా ఫల్లీ.

"లేదు దీదీ. ఉత్త పెసరపప్పు."

"నూనె?"

"సోయా."

"చట్నీలో?"

"కొత్తిమీర, మిరపకాయ."

"రోట్లోనా, మిక్సీలోనా? అదే మిక్సీలో ఇంకేమైనా రుబ్బుతారా?"

బండివాడు గరిటె దించేశాడు. "దీదీ, మీరు సర్కారు నుంచి వచ్చారా?"

ఉమారాణి చీరకొంగుతో నోరు మూసుకుని నవ్వింది. "ఏటే నీలిమా, బజ్జీ కొంటున్నావా, పెళ్ళిసంబంధం చూస్తున్నావా? పనిలో పని, గోత్రం కూడా అడిగెయ్."

సందీప్ ఇంకో బజ్జీ అందుకున్నాడు. అక్కకీ భార్యకీ మధ్య ఎటూ ఒరగకుండా బజ్జీ నమలడంలో అతను ఆరితేరినవాడు.

రెండోది గుప్‌చుప్. మన పానీపూరీయే, ఇక్కడ పేరు మార్చుకుంది. మూడోది ఫరా, బియ్యప్పిండిని వేళ్ళలా చేసి ఆవిరి మీద ఉడికించి పోపు పెట్టినది. ఫరాలమ్మే ముసలమ్మ పాపం డబ్బా మూత తీసి, పోపులో వేసే నువ్వులు అరచేతిలో పోసి మరీ చూపించింది. నీలిమ ముసలమ్మని నమ్మింది గానీ డబ్బాని నమ్మలేదు. నాలుగో బండిలో అటుకుల మీద పల్లీలు బహిరంగంగా కూర్చుని ఉన్నాయి. వాటిని చూస్తూనే పిల్లాణ్ణి చంకనేసుకుని రోడ్డు దాటేసింది.

"గాజుసీసాలో పెట్టి మూత బిగించవే కొడుకుని. మా పిల్లలు మట్టి తిన్నారు, బలపాలు తిన్నారు, ఒకడు పాతిక పైసల బిళ్ళ కూడా మింగాడు. ఎలా ఉన్నారు?" అంది ఉమారాణి.

ఎలా ఉన్నారో నీలిమకి తెలుసు. ఎదిగిన ఆ పిల్లల సంగతి వదినగారి మొహం మీద అనే ధైర్యం మాత్రం లేదు.

"అమ్మా, ఆకలే," అన్నాడు ధను మూడోసారి. ఇంటి నుంచి తెచ్చిన రెండు అరటిపళ్ళూ ఎప్పుడో అయిపోయాయి. చుట్టూ ఊరంతా తింటోంది. వాడొక్కడే ఏకాదశి చేస్తున్నాడు. నీలిమ సంచి మళ్ళీ ఒకసారి వెతికింది. తల్లి అన్నది బిడ్డకి పెట్టాలి గానీ, లాక్కోవడమేనా తన పని?

అప్పుడు కనబడింది బోర్డు. 'ఆంధ్రా ఇడ్లీ, దోశ.' అచ్చ తెలుగులో. ఆ ఎర్రరంగు గుండ్రటి అక్షరాలు చూసేసరికి నీలిమ భుజాలు వాటంతటవే దిగాయి.

"రండమ్మా, రండి. ఏ ఊరు మనది?" అన్నాడు బండాయన. వెంకటరత్నమట. నుదుట విభూతి, భుజాన తువ్వాలు.

"పార్వతీపురం దగ్గరండీ."

"ఓలమ్మ! మాది బొబ్బిలమ్మా! పార్వతీపురంలో మా చెల్లినిచ్చాం. స్టేషన్ రోడ్డులో ఆళ్ళ ఇల్లు."

ఇక చూడాలి. మాటల్లోనే స్టేషన్ రోడ్డు ఎక్కారు, గుమ్మలక్ష్మీపురం వెళ్ళారు, సాలూరు మీదుగా బొబ్బిలి వచ్చారు. పెళ్ళయి రాయపూర్ వచ్చాక నీలిమ అంత గడగడా మాట్లాడింది అదే మొదలు. హిందీవాళ్ళని నిలేసిన నోరు ఇక్కడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"ఇక్కడ గోత్రం అడగవేమే?" అంది ఉమారాణి.

"మనవాళ్ళే కదండీ వదినగారూ."

"బుజ్జిబాబుకి చట్నీ ఎక్కువేశానమ్మా," అన్నాడు వెంకటరత్నం ప్లేటు ఇస్తూ. "ఈ హిందీవాళ్ళ చట్నీ మన నోటికి ఎక్కదు. ఇది మన ఇంటి చట్నీ."

నీలిమ ఇడ్లీ తుంచి, చట్నీలో పొర్లించి, కొడుకు నోట్లో పెట్టింది. కళ్ళు బండాయన మీద, మనసు స్టేషన్ రోడ్డు మీద. ఇంకో ముద్ద పెట్టింది. మూడోది కలుపుతోంది.

"అమ్మా, నాలిక గీరుతోంది."

ముద్ద అలాగే వేళ్ళ మధ్య ఆగిపోయింది. వాసన చూసింది. ఎండుమిరప, చింతపండు, వాటి కింద కమ్మగా వేయించిన పల్లీ. పార్వతీపురంలో తను పుట్టి పెరిగిన వీధిలో ఏ ఇంట్లోనూ పల్లీలు లేని ఇడ్లీ చట్నీ లేదు. ఆ సంగతి ఒకరు చెప్పాలా, ప్రపంచానికంతా తెలుసు. ఒక్క నీలిమే ఆ పావుగంట మర్చిపోయింది.

"ఏమండీ! ఆటో!"

సంచిలో ఎప్పుడూ ఉంచుకునే అలర్జీ సిరప్ మూత పళ్ళతో పీకి వాడి నోట్లో పోసింది. పిల్లాడి పైపెదవి అప్పటికే ఉబ్బుతోంది. వెనకాల వెంకటరత్నం చేతులు పిసుక్కుంటున్నాడు. "మంచి పల్లీలేనమ్మా, మన ఊర్నించి తెప్పించినవే!"

ఉమారాణి జారిపోయిన ధను చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని, పదకొండు బళ్ళ జాబితా మర్చిపోయి, ఆటో వెనక పరిగెత్తి ఎక్కింది.

ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది కాబట్టి సరిపోయింది. తొడకి ఇంజక్షన్ ఇచ్చారు, ముక్కుకి గొట్టం పెట్టారు. కాసేపటికి ఈల తగ్గింది. పెదవి మెల్లిగా మళ్ళీ పెదవిలా అయింది. పొద్దున్నదాకా ఇక్కడే ఉంచాలన్నాడు డాక్టరు.

"ఎవరు పెట్టారు?" అని హిందీలో అడిగాడు.

సందీప్ నేల చూశాడు. ఉమారాణి చేతిలోని చెప్పు అటూ ఇటూ తిప్పింది.

"నేనే," అంది నీలిమ. "నా చేత్తోనే."

డాక్టరు వెళ్ళాక ఆమె చాలాసేపు కొడుకు పొట్ట లేవడం, దిగడం చూస్తూ కూర్చుంది. తర్వాత సందీప్ జేబులోంచి పెన్ను లాక్కుంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం వెనక, నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దుతూ రాసింది. 'వీడికి పల్లీలు పడవు. మనవాళ్ళైనా సరే, అడగాలి.' చీరకున్న పిన్నీసు తీసి, కాగితాన్ని వాడి చొక్కాకి గుచ్చింది.

ఉమారాణి వంగి చదివింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"హిందీలో రాయించాలి గానీ, తెలుగులో రాస్తే ఈ ఊళ్ళో ఎవరు చదువుతారే?"

"నేను చదువుతాను కదండీ, వదినగారూ," అంది నీలిమ.