సుల్తాన్ ముందుకు వచ్చిన బోనం

బన్సీలాల్‌పేట్‌ల మా గల్లీ ఆడోళ్ల జాకెట్లన్ని కల్పలతనే కుడతది. మొగడు పోయినంక కుట్టుమిషిన్ తొక్కుకుంటనే ఇద్దరు ఆడపిల్లలను సాదింది. నేను చెప్పేది ఆ మిషిన్ తొక్కిన కాలు సంగతే.

నా కొడుకు ఓంప్రకాశ్ ఓ రాట్‌వీలర్ కుక్కపిల్లను తెచ్చి సుల్తాన్ అని పేరు పెట్టిండు. ఏడాది తిరిగేసరికి అది దూడంత అయింది. కోడలు ఊర్మిళ మొత్తుకుంటనే ఉండె.

"దాన్ని రోజు ఉరికించాలె, మనుషుల్ల తిప్పాలె, నేర్పేటోని కాడికి పంపాలె అని కుక్కల డాక్టర్ చెప్పిండు గద! నువ్వేమో మెట్లకు కట్టేసి ఫోటోలు దీస్తవు."

"నేను చెప్తె ఇంటది తియ్."

"నేను చెప్తె నువ్వు ఇంటున్నవా, అది ఇననీకి?"

బోనాల పొద్దు వచ్చింది. అమ్మవారు ఎదురొస్తుంటె గేటు ఎవరన్న మూస్తరా? బార్ల తెరిచినం.

"సుల్తాన్‌ను లోపల కట్టేయ్ రా" అన్న.

"నా చేతిల ఉన్నంక ఏం జేస్తదే అమ్మా, జెర ఊకో" అని బెల్టు మణికట్టుకు చుట్టుకొని నిలబడ్డడు. గల్లీ అంత చూడాలని వాని ముచ్చట.

డప్పులు దగ్గరికొచ్చినయి. ముందుగాల కల్పలత, తల మీద బోనం, రెండు చేతులు కుండ మీద. ఊర్మిళ ఆమె కాళ్ల మీద పసుపునీళ్లు పోసింది. బోనమెత్తిన ఆడిది చిన్నదైనా సరే, ఆ పొద్దు అమ్మవారే. ఓంప్రకాశ్ సుత వంగి కాళ్లు మొక్కిండు.

మొక్కుడంటె కుక్కకేం ఎరుక? చెవులు పగిలే డప్పులు, ఎన్నడు చూడనంత మంది, తన మనిషేమో ఎవరి కాళ్ల కాడనో పడ్డడు. ఒక్క దుంకు దుంకింది. బెల్టుతోపాటు వాణ్ణి సుత గుంజుకపోయి కల్పలత పిక్క పట్టింది. కల్పలత ఒర్రింది గని బోనం ఇడువలే. ఒక్క చెయ్యి కిందికి దించలే.

దవాఖానల కుట్లేసిర్రు. నరం తెగిందట, పాదం లేస్తలేదు.

"మల్ల మిషిన్ తొక్కుతనా పెద్దమ్మా?" అని అడిగింది. డాక్టర్ దిక్కు చూసిన. ఆయన కాగితాల దిక్కు చూసిండు.

ఏ.ఎస్. రావు నగర్‌ల ఎవరికో ఓంప్రకాశ్ సుల్తాన్‌ను ఇచ్చేస్తున్నడని తెలిసి, కల్పలత గోడ పట్టుకుంట మా గేటు కాడికొచ్చింది.

"కరిచిందని చెప్పినవా అన్నా?"

వాడు లేదని తల అడ్డంగ ఊపిండు.

"ఆ ఇంట్ల పిల్లలున్నరా?"

ఉన్నరన్నట్టు తల ఊపిండు.

"అయితె ఇక్కడ్నే ఉండనియ్యి. ఇంకో తల్లి ఎందుకు ఏడ్వాలె?"

"నీ మిషిన్‌కు కరెంటు మోటర్ పెట్టిస్త చెల్లె, తొక్కే పని ఉండది" అన్నడు వాడు మెల్లగ.

"మీ ఇంటిది ఏదీ నా ఇంట్లకు రావద్దు."

సుల్తాన్ ఇక్కడ్నే ఉన్నది. కల్పలత కాలీడ్చే చప్పుడు ఇనబడితె చాలు, గేటు మీద పడి మొరుగుతది. అందుకే ఇప్పుడామె బయటికి వస్తలేదు. మిషిన్ మీద దుప్పటి కప్పింది. జాకెట్ గుడ్డలు పట్టుకొని వచ్చినోళ్లు వాకిట్ల నిలబడి మర్లిపోతున్నరు.