తెర లేని పెట్టె

రాత్రి పదకొండున్నర అయింది. ఇంకో అరగంట ఎవరూ నోరెత్తకపోతే చెల్లెమ్మ పంట పండినట్టే.

ప్రాజెక్టులో అందరూ ఆమెను చెల్లెమ్మ అనే పిలుస్తారు. చిన్న చిన్న యంత్రాల కడుపులో కూర్చుని పనిచేసే లినక్స్ సాఫ్ట్‌వేర్ వాళ్లది. నలుగురూ కలిసి ఊరికే రాస్తారు, ఊరికే పంచుతారు. మొదటి పేజీలో ఒకటే వాక్యం: "చిన్న పెట్టెకు సరిపడేదే మనది." ఆ పెట్టెలకు రంగుల తెర, కెమెరా తగిలించేలా ఆమె ఏడాదిపాటు తిండీ తిప్పలూ మాని రాసింది. ప్రతిపాదన పెట్టిన పది రోజుల్లో ఒక్కరు కారణం చూపి వద్దన్నా ఆగిపోతుంది. ఎవరూ అనకపోతే లినక్స్‌లో చేరిపోతుంది, ఆ వెంటనే ప్రతి పెట్టెకూ దానంతటదే వెళ్లిపోతుంది. ఇవాళ పదో రోజు. చేరితే ఆ తెరలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం ఖాయం. చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. రెండేళ్లుగా ఖాళీగా ఉన్న మనిషికి అదేమన్నా చిన్న మాటా!

ఫోన్ మోగింది. కోడిగుడ్లు పొదిగించే అన్నయ్య. అతని పెట్టెల్లో వేడి చూసుకునేది ఈ లినక్సే.

"ఏమే, ఏదో కొత్తది వస్తోందటగా! నా పెట్టెలకీ వస్తుందా?"

"వస్తుందన్నయ్యా. బొమ్మలు కూడా కనిపిస్తాయి."

"తెర లేని పెట్టెలో బొమ్మలెక్కడ కనిపిస్తాయే, నా మొహం!"

నవ్వి ఫోన్ పెట్టేసింది గానీ, ఆ మాట ఆమెను వదల్లేదు. అతనిచ్చిన పాత పెట్టె ఒకటి, అతను ఇప్పటికీ వాడే రకమే, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. దాన్ని తుడిచి కొత్తది ఎక్కించింది. పెట్టె మీది దీపం మూడుసార్లు మినుకుమని ఆరిపోయింది. కెమెరా భాగం తీసేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అంతే. ఆ పాతదాంట్లో అంత చోటెక్కడిది? ఏడాదంతా కొత్త పెట్టెల మీదే పరీక్షించుకుంది మహాతల్లి!

పదకొండు యాభై అయిదు. అన్నయ్యకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఇప్పుడు పెట్టెల్లో గుడ్లున్నాయా?"

"లేకేం, రెండు వేలు. రేపో ఎల్లుండో పిల్లలవుతాయి. ఏం?"

ఫోన్ పెట్టేసింది. కంప్యూటర్ తెర మీద ఒక్క అభ్యంతరమూ లేదు. చెల్లెమ్మ రాసిందంటే అందరికీ అంత నమ్మకం! తన ప్రతిపాదన కింద తనే రాసింది: "వద్దు. పాత పెట్టెలు ఆగిపోతాయి. ఇది మనది కాదు." పంపి, భోరుమంది.

కంపెనీ నుంచి ఏదో సందేశం వచ్చింది. తెరవలేదు. అంతలో మళ్లీ అన్నయ్య.

"హడలగొట్టావు కదే! గుడ్లు తీసెయ్యమంటావా?"

"వద్దన్నయ్యా. కదపకు."

"అయితే ఇది విను," అంటూ అతను ఫోన్ పెట్టె దగ్గర పెట్టాడు. లోపల ఓ పిల్ల అప్పుడే తొందరపడి పెంకును పొడుస్తోంది.