అప్పడి పెరడు

ఇళంగోవన్‌కు నాలుగెకరాల కొబ్బరితోట ఉంది. అందులో ఒక గొయ్యికి చోటిస్తానని పొద్దున ఫోనులో మాటిచ్చి, మధ్యాహ్నానికి తప్పాడు. "కంపు కొడద్ది బావా, కూలోళ్ళు రారు" అన్నాడు. పెళ్ళాం తమ్ముడని అప్పడు తిట్టలేదు. బురదలో గొంతుక్కూర్చుని తడిగుడ్డను మళ్ళీ ముంచి డాల్ఫిన్ వీపు మీద పరిచాడు.

మలేసియాలోని హుటాన్ మెలింటాంగ్ ఏటిమొగలో నీరు తీసినప్పుడు అది ఒండ్రులో దిగబడింది. లోతుకు నెట్టినా తిరిగొచ్చి పడింది; ఇక బతకదని పొద్దున్నే తేలిపోయింది. బూడిదరంగు ఒళ్ళు, ముక్కులేని గుండ్రటి తల. నెత్తిమీది రంధ్రంలోంచి వచ్చే ఊపిరి అంతకంతకూ ఎడమవుతోంది.

దీపిక విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి డాల్ఫిన్ల మీద పరిశోధన చేస్తోంది. ఆమె పడవ నడపడం అప్పడి పని.

"మంచు సముద్రాల్లో బెలూగాలుంటాయి అంకుల్, తెల్ల తిమింగలాలు. తల అచ్చం ఇలాగే. వాటి గురించి ఎంత పరిశోధనో! ఈ ఏట్లో ఇవెందుకు చస్తున్నాయో చూద్దామంటే మాకు ఒక్క పూర్తి అస్థిపంజరం లేదు."

"ఆటికేటమ్మా, మంచులో సచ్చినా కుళ్ళవు లా" అన్నాడు అప్పడు, చివర ఇక్కడి మలయ్ వాళ్ళలాగే 'లా' తగిలించి. "ఇది రేపటికి ఊరంతా కంపు లేపుద్ది."

ఏడాది మట్టిలో ఉంటే ఎముకలు శుభ్రపడతాయి. చోటు లేకపోతే సాయంత్రం లారీ వచ్చి చెత్తదిబ్బకు ఎత్తుకుపోతుంది.

అప్పడు పుట్టిన రబ్బరుతోట అమ్ముడుపోయి, కూలీల లైను ఇళ్ళు కూల్చిన ఏడే అతని బడి ఆగిపోయింది. తరువాత జెట్టీలో ఐసు మోశాడు, ఇంకొకరి పడవలకు తారు పూశాడు. అతని పేరున ఉన్న నేల ఇల్లూ, వెనక భార్య గుణవతి బెండ, కాకర వేసుకునే పెరడూ, అంతే.

ఎండ వాలాక ఒక ఊపిరి వచ్చింది. తరువాతిది రాలేదు. అప్పడు గుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు.

దీపిక లారీవాడికి చెయ్యడానికి ఫోను తీసింది.

"ఉండమ్మా. మా పెరట్లో ఎట్టుకో."

జెట్టీవాళ్ళు టార్పాలిన్‌లో మోసుకొస్తుంటే గుణవతి వాకిట్లోనే ఆపింది.

"ఏటయ్యా ఇది, సేపకి సమాధా? రేపు నాను సస్తే ఏడ ఎడతావు?"

"నీ తమ్ముడి తోటలో."

"ఆడా! ఆడు నాకూ సోటియ్యడు లా" అంది. పెరట్లోకి వెళ్ళి, లేత బెండకాయలతో సహా అన్నీ కోసుకుని పక్కకు తప్పుకుంది.

పొద్దు పోకముందే మట్టి కప్పేశారు. దీపిక బస్సెక్కి వెళ్ళిపోయింది. అప్పడికి పోయిన నేల తొమ్మిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దాని కొసన, తల ఎటుందో మరిచిపోకుండా దీపిక పాతి వెళ్ళిన తెల్ల ప్లాస్టిక్ గొట్టం ముక్క.