దక్షిణం వాకిలి

తలుపు బరువేం కాదు, నెత్తి మీద చుట్టబట్ట సరిగ్గా కూర్చోలేదు, అంతే అనుకుంటూ చెన్నయ్య ఇబ్రహీంపట్నం సడక్ దాటాడు, వెనక కుండలు మోస్తూ పెళ్లాం సక్కుబాయి, నాలుగు తిట్టినా బాగుండు, దొర జాగలో గుడిసె వేసుకున్నవాడికి వాసాలూ తలుపూ తప్ప ఏదీ సొంతం కాదని పుట్టినప్పటి నుంచీ తను ఎరిగిందే కదా, మరి దొర మనిషి వచ్చి, చెన్నిగా, పట్నం మోటరు బస్సు వస్తున్నది, సడక్ పక్క జాగకు మస్తు ధర లేసింది, దొర గీడ దుకాణాలు కట్టిస్తడు, నీ తలుపు ఊడదీస్కపో అంటే గోడకు చెయ్యి ఆనించి ఎందుకు నిలబడ్డాడు, ఏటా సక్కుబాయి ఎర్రమట్టి పూసిన గోడ, తాత తొక్కిన మట్టి, అదీ దొరదేనట.

అదిగో సర్కారు ఇళ్లు, ప్లేగు తగ్గాక బీదలకు కట్టించినవి, పెంకు కప్పుతో ఎదురెదురుగా రెండు వరసలు, ఆనాడు చీటీలు తీసిన అధికారి మాట ఇంకా చెవిలోనే ఉంది, కిరాయి కట్టుకుంట పో, కొన్నేండ్లకు ఇల్లు నీదే, నిన్ను లెమ్మనేటోడు ఉండడు, కానీ తన చీటీకి తగిలింది దక్షిణం వాకిలి, యముడి దిక్కు, వద్దు సాబ్ అని దండం పెట్టి తిరిగొచ్చాడు, దిక్కుదేముందయ్యా, వానకు కురవకుంటే చాలు, జర తీస్కుందాం అని సక్కుబాయి దారంతా బతిమాలింది, నీకేం తెలుసే అన్నాడు, తనకేదో తెలిసినట్టు, ఆ ఇల్లే ఏసు మతం పుచ్చుకున్న యోబుకు పోయింది, పాపం ఎన్నాళ్లు బతుకుతాడో అని వాడి మీద జాలి కూడా పడ్డాడు, సిగ్గులేని జాలి.

యోబు వాకిట్లోనే ఉన్నాడు, గుమ్మడి తీగ పెంకుల మీదికి పాకింది, చెన్నయ్యన్నా, గా తలుపు మోసుకుంట ఎటు పోతున్నవ్, దించు, జాగ దొరికేదాంక మా అర్రల ఉండుండ్రి అంటున్నాడు, చెన్నయ్య వాకిలి ముందే ఆగిపోయాడు, ఇప్పుడూ దిక్కే చూస్తున్నాడా తను, దరిద్రుడు, సక్కుబాయి మాత్రం మొగుడివైపు చూడనైనా చూడలేదు, కుండలు దించి, గడప కళ్లకద్దుకుని, కుడికాలు పెట్టి కొత్తకోడలిలా లోపలికి పోయింది, ఆ గడప దానిది కావలసింది, చెన్నయ్య తలుపు దించి గోడకు ఆనించాడు, తూర్పు చూసే తలుపని ఎంత మురిశాడు, యముడు దక్షిణం నుంచి రానేలేదు, ఇవాళ పొద్దున్నే ఆ తూర్పు వాకిట్లోనే నిలబడి చెన్నిగా అని పిలిచాడు, బతుకంతా తను దిక్కే చూసుకున్నాడు, కాలికింద జాగ ఎవరిదో చూసుకోలేదు.