ఏటా వచ్చే ప్రశ్న

పాత ప్రశ్నపత్రాలు తిరగెయ్యి, ఏటా వచ్చే ప్రశ్నను మాత్రం వదలకు అని ట్యూషన్ మాస్టారు చెప్పినప్పుడు చెల్లెలు బుద్ధిగా తలూపింది. ఆమె తిరగేసిన పాత పత్రాలు వేరు. అవి ఆమె ఒంటి మీదే ఉన్నాయి.

మొదటిసారి సర్కారు ఉద్యోగం పరీక్షకు బయల్దేరితే అన్నయ్య జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి ఇనప సామాను గదిలో పడేసి తాళం పెట్టాడు. నుదురు గోడకు కొట్టుకుని చిట్లింది. మరుసటి ఏడు వెనక గోడ దూకబోయింది. వాడు దొరకబుచ్చుకుని, కుడి చెయ్యి బల్ల మీద అదిమిపెట్టి, లేత్ మిషన్‌లో కోతకు కడ్డీని బిగించే బరువైన ఇనప కీతో చూపుడు వేలు చితక్కొట్టాడు. ఆసుపత్రికీ వాడే తీసుకెళ్ళాడు. వేలు మిషన్‌లో పడిందని డాక్టరుకి చెప్పి, మందులు కూడా కొనిచ్చాడు. అంత మంచివాడు మరి!

వాడి ఏడుపు వాడిది. తండ్రి పోయాక లేత్ కొట్టు వాడి పేరన పడింది, పని మాత్రం చెల్లెలి చేతిలో పడింది. ఆమె కోసిన కడ్డీకి వెంట్రుకవాసి తేడా ఉండదు. వాడు కోస్తే అది పాత ఇనుము తూకానికి తప్ప పనికిరాదు. సర్కారు కర్మాగారంలో ఉద్యోగం వస్తే పిల్ల క్వార్టర్సుకి వెళ్ళిపోతుంది. చెయ్యి విరిగితే నెల్లాళ్ళు కొట్టు మూసుకుంటే చాలు, పిల్లే పోతే కొట్టే పోతుంది. కూర్చుని తాగే బతుకుని ఎవడు వదులుకుంటాడు?

ఈ ఏడు దాటితే ఆమెకు వయసు మించిపోతుంది. ఇదే ఆఖరు. అందుకని అన్నయ్య పేకాటకు వెళ్ళినప్పుడల్లా సుద్దముక్కతో ఇనప రేకు మీద ఎడమ చేత్తో రాసింది. మొదట్లో కోడి కెలికినట్టుండేది. తుడిచింది, మళ్ళీ రాసింది.

పరీక్షనాడు పొద్దున్నే వాడు కొట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో ఆ కీ ఉంది. పొట్టలో ఒక్క తన్ను తన్నితే ఆమె ఇనప రజను మీద బోర్లా పడింది. చెంప కోసుకుపోయింది. తిరగబడితే రెండు చేతులూ పోతాయని ఆమెకు తెలుసు. ఎడమ చెయ్యి కడుపు కింద దాచుకుని, కుడి చెయ్యి తనే ముందుకు చాపింది. వాడు కొట్టాడు. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

"ఇప్పుడెళ్ళు. బాగా రాసిరా," అన్నాడు వాడు, తలుపు తనే తీసి.

పాత చొక్కా చింపి చేతికి చుట్టుకుని వెళ్ళింది. హాల్లో పర్యవేక్షకురాలు ఆ రక్తం చూసి ఆసుపత్రికి పొమ్మంది. రాశాక పోతానంది ఆమె. తెలిసినవి ముందు రాయి, కష్టమైనవి చివరికి వదిలెయ్యి అన్నారు మాస్టారు. అన్నిటికంటే కష్టం నొప్పే. దాన్ని చివరికి వదిలేసింది. మధ్యలో ఒకసారి వాంతి చేసుకుంది, నోరు తుడుచుకుని మళ్ళీ కలం పట్టుకుంది. చివరి గంట కొట్టేదాకా రాసింది.

గేటు బయట వాడు తమాషా చూడ్డానికి వచ్చి ఉన్నాడు.

"ఎలా రాశావే?"

"బాగానే. ఏటా వచ్చే ప్రశ్నే వచ్చింది, చదువుకునే వెళ్ళాను."

అప్పుడు చూశాడు, ఆమె ఎడమ చేతి వేళ్ళకు అంటిన సిరా. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు.

"ఇదీ విరిచెయ్, అన్నయ్యా. దీని పని అయిపోయింది. పేపరు లోపలుంది."

విరిచాడు. ఇన్నేళ్ళూ పళ్ళబిగువున దాచుకున్న కేక ఆమె ఆ గేటు ముందు, అందరూ వినేలా పెట్టింది. ఆ బాధలోనూ ఆమెకు సంతోషం వేసింది. పరీక్ష రాసి వస్తున్న వాళ్ళంతా వాడి మీద పడ్డారు. ఎవరి కాలు ఎక్కడ తగిలిందో లెక్క లేదు. పళ్ళు రాలి, మట్టి కరిచి, వాడు తలెత్తి చెల్లెల్ని అడిగింది ఒక్కటే.

"రేపు కొట్టు ఎవరు తెరుస్తారే?"

ఆ ప్రశ్నకు జవాబు రాయాల్సింది ఆమె కాదు.