నెత్తురు పక్కన పారే నీళ్లు

పెద్దవంగరలో నాటు వేసే ఆడవాళ్లకు ముందుండేది ఈదమ్మ. ఆమె మడిలో దిగిందంటే పక్కవాళ్లు ఊపిరి తీసుకోకుండా వంగాల్సిందే. అలాంటి మనిషి, ఎడమకాలికి బోద వచ్చి వాచాక పనికి పోవడం మానేసింది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోవడం మానేసింది. ఏ జన్మ పాపమో అనుకుని ఇంట్లో ఓ మూలకు కూర్చుంది.

ఆ వానాకాలం ఒక్కసారిగా చలిజ్వరం పట్టుకుంది. కాలు ఎర్రబడి నిప్పులా కాలింది. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. "వద్దే" అంటున్నా వినకుండా కోడలు గ్రేస్ ఆటో మాట్లాడి మానుకోట దవాఖానలో చేర్పించింది.

మందులకు జ్వరం దిగాక, డాక్టర్ వినీత మంచం పక్కన కూర్చుని స్టెతస్కోపు ఈదమ్మ చెవులకు పెట్టి, రెండో కొస ఆమె గుండె మీద ఆనించింది. లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు.

"ఇది నాదేనా బిడ్డా?"

"నీదే పెద్దమ్మా. నిన్ను కన్న అవ్వ కడుపుల ఉన్నప్పుడు మొదలుపెట్టింది. ఒక్కపూట నాగా లేదు."

ఈదమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "గింత మంచి గుండె ఉండంగ కాలెందుకు గిట్లయింది?"

"గుండె నెత్తురును ఒంటినిండ తోలుతది. వెంట్రుక కంటె సన్నటి నాళాల కాడ దాంట్ల నుంచి నీరు ఊరి కండలకు తిండి అందిస్తది. చానామటుకు మళ్ల నెత్తురులకే పోతది. మిగిలిన నీటికి వేరే దారులున్నయి. గజ్జల కాడి బిళ్లలు దాన్ని వడగట్టి రోగాన్ని ఆపుతయి. ఆఖరికి మెడ కింద మళ్ల నెత్తురుల కలుస్తది."

"మడిల మిగులు నీళ్లు తీసే కాలువ లెక్క!"

"అచ్చం గట్లనే. దోమకాటుతోటి వచ్చిన పురుగులు నీ కాలువలను ఖరాబు చేసినయి. పాపం గాదు, శాపం గాదు."

"మరి ఆ నీళ్లను పైకి తోలే గుండె ఏది?"

"దానికి వేరే గుండె లేదు. ఆ నాళాలే మెల్లగ పిండుకుంటయి. నువ్వు పాదం ఆడిస్తే పిక్క కండ తోడైతది. నీళ్లు వెనక్కి జారకుండ లోపల చిన్నచిన్న తలుపులున్నయి."

ఈదమ్మ బొటనవేలు ఎత్తి, దించి, పిక్కను చేత్తో తడిమి చూసుకుంది. ఇన్నాళ్లూ అసహ్యించుకున్న కాలు మీద మొదటిసారి జాలి కలిగింది. ఆ వెనకే గౌరవం.

ఇంటికి వచ్చాక అత్తాకోడళ్లు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచేవాళ్లు. పడుకుంటే కాలు కింద దిండు పెట్టేది గ్రేస్. మరుసటి వానాకాలం జ్వరం రాలేదు. వాపు కొంత తగ్గింది. రఘునాథపల్లిలో గ్రేస్ తమ్ముడి పెళ్లికి ఈదమ్మ అందరికంటే ముందే తయారైంది.

తర్వాత చూపించుకోవడానికి దవాఖానకు పోయినప్పుడు, గార్ల నుంచి వచ్చిన రాజీ అనే పడుచుపిల్ల వరండాలో ఏడుస్తూ కనబడింది. దాని పాదం ఉబ్బి ఉంది. ఈదమ్మ పక్కన కూర్చుని పొలం, కాలువలు, తలుపులు, కాలు కడుక్కునే తీరు అన్నీ చెప్పింది.

రాజీ ముక్కు తుడుచుకుంది. "మొత్తం పోతదా పెద్దమ్మా?"

"పోదు బిడ్డా, అబద్ధం చెప్ప. కానీ లోపల అవి మన కోసం గింత తిప్పలు పడుతున్నయి గదా. మనం జర చెయ్యి కలపాలె."

రాజీ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని దవాఖాన ఆవరణలోని పంపు దగ్గరికి నడిచింది. ఈదమ్మ తన సంచిలోంచి సబ్బు తీసుకుని వెనకే పోయింది.