ఖాళీ నొక్కండి

ట్యాబ్ చేతికిచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్ ఊరికే ఏదీ ఇచ్చే మనిషి కాదు. కొత్త చాక్‌పీసు అడిగితే పాత ముక్క చూపించమనే ఆవిడ, ఇంత ఖరీదైన వస్తువును నవ్వుతూ పంచిపెడుతోందంటే అందులో ఏదో మెలిక ఉండి తీరాలి.

"ఇది మీ టైం ఆదా చేస్తుంది," అంది.

"మిగిలిన టైం ఎవరు మూటగట్టుకుంటారు మేడం?" అన్నాను. స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. అది నాకు ఇంకా నచ్చలేదు.

మా మూడో తరగతికి రెండు సెక్షన్లు. ఒకటి నాది, పక్కది చిటికెది. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుందక్కా" అంటుంది కనక ఆ అమ్మాయిని అందరూ చిటికె అనే పిలుస్తారు. ట్యాబ్ వచ్చీ రాగానే దాంతో చెట్టపట్టాలేసుకుంది. జవాబు పేపర్లు ఫొటో తీస్తే అదే దిద్ది మార్కులేస్తోంది. "శ్ర" అని కొడితే చాలు, "శ్రద్ధ పెడితే ఇంకా బాగా చదవగలడు" అని వాక్యం మొత్తం వచ్చేట్టు పెట్టుకుంది. ప్రోగ్రెస్ కార్డులో రాయాల్సింది నోటితో చెబితే రాసుకుపోతోంది. పోనీలే అని నేనూ ఒకసారి చెప్పి చూశాను. "చేతిరాత గుండ్రంగా ఉంది" అంటే "చేతిరాత గుండు రంగా ఉంది" అని రాసింది.

"ఆ గుండు రంగా ఎవడో కనుక్కుని నాకు చెప్పు," అని చిటికె చేతిలో పెట్టేశాను.

అన్నిటికన్నా నాకు గిట్టనిది టైంటేబుల్ కింద ఉన్న ఆకుపచ్చ బటన్. పీరియడ్‌లో పని ముందే అయిపోతే "ఖాళీ" అని నొక్కాలి. బడిలో ఆ మాటకు రెండు అర్థాలు. చేతిలో పని లేకపోవడం ఒకటి, కుర్చీలో మనిషి లేకపోవడం ఇంకొకటి. మొదటిది రెండోదిగా మారడానికి ఎంతసేపు? నేను దాని జోలికి పోలేదు. చిటికె మాత్రం పని తెమలగానే నొక్కి మురిసిపోయేది. చూస్తూ ఊరుకున్నాను.

ఇంతలో కబురు తెలిసింది. వచ్చే ఏడాది రెండు సెక్షన్లూ కలిపేస్తారట, ఒక్క టీచరే ఉంటుందట. అంటే నేనో, ఆమో. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ప్రింటింగ్ ప్రెస్‌లో మిషను కింద పడి కుడిచెయ్యి నలిగినప్పటి నుంచి తమ్ముడు ఇంట్లోనే ఉంటున్నాడు. వాడి వేళ్లకు కసరత్తు చేయించే డాక్టరు బడి వదిలే వేళకే క్లినిక్ మూసేస్తాడు. వాణ్ని అక్కడికి తీసుకెళ్లాలి కనక ఆఖరి పీరియడ్‌లో పిల్లలకు చూచిరాత ఇచ్చి, గలాటా చెయ్యొద్దని బెదిరించి, వెనక గేటు గుండా జారుకునేదాన్ని. ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

ఒక పొద్దున నా బోర్డు మీద తలకట్లు సాగదీసిన అక్షరాలు కనిపించాయి. అవి నావి కావు.

"ఎవరు రాశారర్రా ఇది?"

"చిటికె టీచర్! మీరెళ్లాక వస్తారుగా," అంది ముందు బెంచీ పిల్ల.

నా ఒళ్లు మండిపోయింది. అదన్నమాట సంగతి! నేను లేని టైం చూసి నా క్లాసులో దూరి సాక్ష్యం పోగేస్తోంది. ఫొటోలు కూడా తీసే ఉంటుంది. ఇంటికెళ్లి తమ్ముడి ముందు ఏకరువు పెట్టాను.

"అక్కా, అద్దంలో నీ మొహం చూసుకున్నా నీకు అనుమానమే," అన్నాడు వాడు. "పోనీ ఆ అమ్మాయినే అడగరాదూ?"

"అడిగితే ఒప్పుకుంటుందేంటి? నంగనాచి!"

అడగలేదు. ఆ తర్వాత ఆమెతో సరిగ్గా మాట్లాడనూ లేదు. "మీ పేపర్లు కూడా ఇవ్వండక్కా, నా ట్యాబ్‌లో దిద్దేస్తా" అంటే, "నా పిల్లల మార్కులతో నీకేం పని?" అని కసిరాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. అంతా నటన అనుకున్నాను.

శుక్రవారం హెడ్మిస్ట్రెస్ మా ఇద్దరినీ తన గదికి పిలిచింది. ముందు ట్యాబ్ పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు బయటపడతాయి ఫొటోలు అనుకున్నాను. కానీ ఆవిడ చూసింది చిటికె వైపు.

"ఆఖరి పీరియడ్ మీ పిల్లలు ఆటలకి వెళ్తారు. పేపర్లు దిద్దుకోమని ఆ టైం మీకిచ్చాం. మీరేమో ఎప్పుడు చూసినా ఖాళీ అని నొక్కారు. ఈవిడ ఒక్కసారి కూడా నొక్కలేదు. ఈవిడకి ఊపిరాడనంత పని, మీకేమో బోలెడు తీరిక. ఎవర్ని ఉంచాలో నేను వేరే ఆలోచించాలా? పోనీ, ఆ తీరికలో ఏం చేస్తున్నారో అదైనా చెప్పండి."

చిటికె తల దించుకుంది.

ఆమె దగ్గర జవాబుంది. "అక్క క్లాసు చూసుకుంటున్నాను" అంటే చాలు, ఆమె గట్టెక్కుతుంది, నేను మునిగిపోతాను. మరి ఎందుకు చెప్పదు? ఇందులో ఏం ఎత్తు ఉంది? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకు ఏ ఎత్తూ దొరకలేదు. ఆ పిల్ల కన్నీళ్లు ఆపుకుంటూ ట్యాబ్ కవరు అంచును గోటితో గీరుతోంది, అంతే. నేను కాసేపు నోరు మూసుకుంటే నా ఉద్యోగం నిలబడుతుంది. తమ్ముడి వేళ్లు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. నాకు చెప్పలేనంత భయం వేసింది. అంతకు మించి సిగ్గేసింది.

"ఆ టైంలో ఈ అమ్మాయి నా క్లాసులో ఉంటోంది మేడం," అన్నాను.

"మీ క్లాసులో మీరుంటారుగా?"

"వద్దక్కా," అంటూ చిటికె నా మోచెయ్యి పట్టుకుంది.

"ఉండను," అన్నాను.